కిటికీ వైపు బంతి

నది వంతెన మీదుగా పొంగిన వరద తర్వాత మూడో ఏడు అది. ఆ వరదకు స్నూకర్ హాల్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టి, పైకెత్తి, దాన్ని బతికించుకున్నారు. మార్కర్ మీద తొలిసారి మాట పడింది మాత్రం ఈ మూడో ఏట.

మార్కర్ అంటే ఆ హాల్లో బంతులు పేర్చేవాడు, పాయింట్లు చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పని ఆయనదే. పదిహేను ఎర్ర బంతుల్ని చెక్క ట్రయాంగిల్‌లోకి చేర్చి, వెనక నుంచి వేళ్ళతో నొక్కి, గులాబీ బంతికి వెంట్రుకవాసి ఎడంలో ఆపి, ట్రయాంగిల్ ఎత్తేవాడు. వెనక నల్లది, బల్ల నడుమ నీలం, ఈ చివర గీత మీద ఆకుపచ్చ, గోధుమ, పసుపు. ఆయన పేర్చాక ఎవరూ వంగి చూసేవారు కాదు. ఆయన సంపాదించుకున్నదల్లా అదే.

ఆ ఏడు పోటీలో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు వీధి చివరి దర్జీ. రెండోవాడు మార్కర్‌కు స్వయానా బావమరిది, భార్య తమ్ముడు. ఐదు ఆటల్లో ముందుగా మూడు గెలిచినవాడిదే పోటీ. మొదటి రోజు మధ్యాహ్నం రెండు ఆడారు. రెండూ బావమరిదే గెలిచాడు.

గెలవడం తప్పు కాదు. కానీ బావమరిది మొదటి దెబ్బ కొడితే ఎర్ర గుంపు కదిలీ కదలనట్టు ఉండిపోయింది. దర్జీకి ఏమీ దొరకలేదు. అదే దర్జీ కొడితే మూట విప్పిన గింజల్లా చెదిరాయి. బావమరిది తీరిగ్గా ఏరుకున్నాడు.

దర్జీ కర్ర గోడకు ఆనించాడు. గొంతు పెంచకుండా మార్కర్‌తో అన్నాడు.

"బట్ట వంకరగా తెగితే కత్తెరను అనం, పెద్దాయనా. పట్టిన చేతిని అంటాం."

హాలు ఓనర్ దగ్గరికొచ్చాడు. రేపటి ఆట లోపల ఈ అనుమానం తీరకపోతే ట్రయాంగిల్ ఇంకొకరి చేతికిస్తానని మార్కర్‌తో చెప్పి వెళ్ళిపోయాడు.

మార్కర్ మనసులోనే ఒక్కొక్కర్నీ పిలిచి నిలదీశాడు. దర్జీది ఆడలేక మద్దెల ఓడు అనే రకమేమో. ఓనర్ ముసలి చేతిని వదిలించుకోవడానికి సాకు వెతుకుతున్నాడేమో. హాలు ఊడ్చే ఆవిడ, ఎవరూ చెప్పకుండా నిన్న బంతులన్నీ ఎందుకు తుడిచినట్టు? చివరికి బావమరిది దగ్గర ఆగాడు. వాడు మునుపు గోడ వైపు మూల బంతికి కొట్టేవాడు. పోటీ మొదలైనప్పటి నుంచి ప్రతిసారీ కిటికీ వైపు మూల బంతికే కొడుతున్నాడు.

అందరూ వెళ్ళాక తలుపు వేసుకుని బంతులు పేర్చాడు. కిటికీలో ఇంకా వెలుగుంది. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చింపి, బంతికీ బంతికీ మధ్య దూర్చి చూశాడు. ఎక్కడా దూరలేదు. కిటికీ వైపు మూల దగ్గర మాత్రం అడ్డు లేకుండా జారిపోయింది. అలా విడిగా ఉన్న బంతికి కొడితే దెబ్బ మిగతా గుంపుకు అందదు.

వాడు బంతి మార్చాడేమోనని దాన్ని నడుమకు తెచ్చి, ఇంకోటి మూలన పెట్టాడు. కాగితం అక్కడే దూరింది. గుడ్డ కింద ఏదైనా పెట్టాడేమోనని అరచేత్తో తడిమాడు. ఏమీ లేదు. చెక్క గీకాడేమోనని ట్రయాంగిల్ మూల మార్చి పేర్చాడు. మళ్ళీ అక్కడే.

ఈసారి నొక్కి, ట్రయాంగిల్ ఎత్తకుండా వంగి తన వేళ్ళే చూసుకున్నాడు. ఎనిమిది వేళ్ళలో ఏడు బంతులకు ఆని ఉన్నాయి. కిటికీ వైపున్న కుడి చిటికెన వేలు దేన్నీ తాకడం లేదు. బల్ల ఎత్తిన రోజు ఇటుక మీద నలిగిన వేలు అది. మానిందనే అనుకున్నాడు. లోపలికి వంకర తిరిగింది. ఇన్నాళ్ళూ దాంతో నొక్కుతున్నాననే అనుకున్నాడు.

అంతలో అక్క అన్నానికి పిలుస్తోందంటూ బావమరిది తలుపు తోసుకొచ్చాడు. బల్ల మీది కాగితం చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఎప్పటి నుంచి తెలుసురా?"

"పోయినేడు చూశాను. నేనేం ముట్టుకోలేదు బావా. పేర్చింది నువ్వే."

"చెప్పొచ్చుగా."

"చెబితే బాధపడతావని."

మార్కర్ చూపు తిప్పలేదు. బావమరిదే తల గీరుకున్నాడు.

"రేపు ఒక్క ఆట ఓపిక పట్టు. గెలిచాక నేనే చెబుతా. ఇప్పుడు నోరు విప్పావనుకో, ఇంటివాణ్ణి గెలిపించడానికి కావాలనే చేశావంటారు. నాకు పోయేది రెండాటలు. నీకు పోయేది ట్రయాంగిల్."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మార్కర్‌కు మింగుడు పడనిది అదే.

ఇద్దరూ తలెత్తకుండా తింటుంటే, ఎవరు పోయారని ఆయన భార్య అడిగింది.

మర్నాడు పొద్దున దర్జీ షట్టరు ఎత్తేసరికి మార్కర్ మెట్ల మీద ఉన్నాడు. సంచిలోంచి ట్రయాంగిల్, ఎర్ర బంతులు తీసి, బట్ట కత్తిరించే బల్ల మీద పేర్చాడు. వెండి కాగితం దర్జీ చేతికిచ్చాడు. దర్జీ అన్ని చోట్లా పెట్టి చూశాడు. మూలన దూరింది. తర్వాత తనే వేళ్ళతో నొక్కి చూశాడు. ఈసారి దూరలేదు.

"నా వేలు," అన్నాడు మార్కర్, చెయ్యి చాచి. "మూడేళ్ళుగా."

దర్జీ వేలు చూశాడు, ముఖం చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు.

"మీ బావమరిదికి తెలుసా?"

మార్కర్ ఆ ప్రశ్న కోసమే తెల్లవార్లూ పక్క మీద దొర్లాడు.

"తెలుసు."

ట్రయాంగిల్ అక్కడే వదిలేసి మెట్లు దిగాడు. నిన్నటి రెండాటలూ చెల్లవని చెప్పడానికి ఓనర్ ఇంటి వైపు నడిచాడు.