మత్తులో అన్న మాట

కాన్పుకి పాత నూలు చీరలు కావాలి. కొత్తవి గుచ్చుకుంటాయి, సిల్కువి చెమట పీల్చవు. మా ఇంట్లో ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరలున్నది నాకే కాబట్టి, పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపడుచు రాధిక కోసం నావే తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, డాబా మీద ఆరేసి, మడతలు పెడుతున్నాను. మా అత్తగారు లక్ష్మణమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"డాక్టరమ్మకి ముందే సెప్పీయాల. మా పిల్లకి ఆ మత్తింజక్షను వద్దని. మనింట్లో ఒకర్తి వాగింది సాలు."

ఆ ఒకర్తిని నేనే. పేరు కన్యాకుమారి. నరసన్నపేట బజారులో స్టీలు సామాన్ల కొట్టు జయకృష్ణ గారి భార్యని. మా ఛాయ పుట్టేటప్పుడు శ్రీకాకుళంలో ఓ చిన్న నర్సింగ్ హోంలో నొప్పులు తట్టుకోలేక నేను మంచం కమ్మీలు పట్టుకుని ఊగిపోతుంటే, డాక్టరమ్మ ఒక ఇంజక్షన్ ఇచ్చింది. నొప్పి మొద్దుబారుతుందమ్మా, ఒళ్ళు బిగబట్టకుండా వదిలేస్తే కాన్పు కూడా కాస్త తొందరగా అవుతుంది, మత్తుగా ఉంటుంది, భయపడకు అంది. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి పక్కన పిల్ల, గుమ్మంలో ముడుచుకున్న రెండు మొహాలు, అత్తగారిదీ మా ఆయనదీ. మత్తులో నేనేదో అన్నానట. ఏమన్నానో మాత్రం ఎవరూ చెప్పరు.

"నిద్దరోయి కన్నాది, దీనికేటి తెలుస్తాది పిల్లల ఇలవ" అని అత్తగారు వచ్చేపోయేవాళ్ళకి నా ఎదుటే చెబుతుంది. మా ఆయన ఇంకో రకం. ఇంట్లో దేనికైనా నేను నోరు విప్పితే చాలు, "నీ మనసులో ఏటున్నాదో ఆ రోజే తెలిసిపోనాది లే" అంటాడు. ఏం తెలిసిందండీ అని అడిగితే, "నా నోటితో అనిపించకు" అని అటు తిరిగి పడుకుంటాడు. మధ్యాహ్నం భోంచేసి ఆయన పడుకునే వేళ కొట్లో కూర్చునేది నేనే. పెళ్ళిళ్ళ రోజుల్లో కాగులూ గంగాళాలూ దించి, తుడిచి, బేరమాడి, మళ్ళీ ఎక్కించి, ఇంటికొచ్చి రాత్రి వంట మొదలుపెట్టేది నేనే. నిద్రపోయి కన్నదానికి ఆ తర్వాత పగలు నడుం వాల్చే రాత లేకపోయింది.

ఏమనుంటాను? ఎనిమిదేళ్ళుగా గిన్నెలు తోముతున్నా, కొట్లో కూర్చున్నా ఇదే ఆలోచన. అత్తగారిని తిట్టానా? డిగ్రీలో ఉన్నప్పుడు బస్సులో రోజూ కనిపించే ఒకబ్బాయి ఉండేవాడు, ఏనాడూ మాట కలపలేదు, అతని ఊసేమైనా వచ్చిందా? తాగినవాడి నోట నిజం వస్తుందంటారు. మత్తులో ఉన్నదాని నోటా అంతేగా అనుకుని, ఆ నిజం ఎంత పాపిష్టిదో అని నాలో నేనే కుమిలిపోయాను. అందుకే ఎవరేం చెప్పినా చేశాను. చెప్పనివీ చేశాను. అత్తగారి కాళ్ళకి నూనె రాశాను. ఆయన అరిచినప్పుడు తప్పు నాదేనన్నాను. నేరమేమిటో చెప్పకుండానే వాళ్ళు శిక్ష వేశారు, అడగడం మానేసి నేను అనుభవించాను. అలసిపోయాను. అలసిపోయానని అనడానికి కూడా నోరు రాలేదు, మళ్ళీ ఆ రోజు సంగతి ఎత్తుతారని.

ఛాయ కూడా నా వెనకాలే తిరుగుతూ అన్నీ నేర్చుకుంది. నాన్న చెప్పులు ఎక్కడుంటాయో, నానమ్మ ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటుందో దానికే తెలుసు. "బంగారం, పని పట్టేసింది" అని అత్తగారు మురిసిపోతుంది. నిజం చెప్పొద్దూ, నేనూ మురిసిపోయాను. నాకో చెయ్యి సాయమైంది కదా అని.

మర్నాడు పొద్దున్నే రాధికకి నొప్పులు మొదలయ్యాయి. అదే నర్సింగ్ హోం, అదే డాక్టరమ్మ. అత్తగారు వెళ్తూనే చెప్పేసింది. "ఇంజక్షన్లూ గింజక్షన్లూ వద్దమ్మా. ఆడదన్నాక నొప్పులు పడాల. నేను ఇద్దర్ని కన్నాను, కిక్కురుమన్నేదు." లోపలికి ఒక్కరినే రానిస్తామన్నారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పి, ఎక్కువసేపు నిలబడలేదు. నొప్పంటే ఏమిటో ఆవిడకి మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి బాగా తెలుసు. నేను వెళ్ళాను.

రాధిక నా చెయ్యి నలిపేస్తోంది. పెదవి కొరుక్కుని నెత్తురు తెచ్చుకుంది. డాక్టరమ్మ వచ్చి చూసి, అన్నీ బాగానే ఉన్నాయి, కానీ నువ్వే భయంతో బిగుసుకుపోతున్నావు, కావాలంటే నొప్పికి మందిస్తాను, కావాలో వద్దో చెప్పాల్సింది మీ అమ్మ కాదు, నువ్వు అని వెళ్ళింది. రాధిక తల అడ్డంగా ఊపింది.

"ఎందుకొద్దే? ఇంత బాధ పడతన్నావు," అన్నాను.

"బయమేస్తంది వదినా. నేనూ నీనాగ ఏటైనా అనేస్తానేమో."

ఎనిమిదేళ్ళ మాట గొంతులోకొచ్చింది. "నేనేటన్నాను రాధికా?"

అది నన్ను వింతగా చూసింది. అప్పట్లో ఇంటర్ చదివేది, ఆ రోజు ఇక్కడే, గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "నీకు సెప్పనేదా ఎవులూ?"

"సెప్పనేదు."

ఇంకో నొప్పి వచ్చింది. అది పోయేదాకా ఆగి, ఊపిరి కూడదీసుకుని చెప్పింది. "డాక్టరమ్మ సెయ్యి పట్టుకుని ఒదల్నేదు నువ్వు. ఆడపిల్లయితే ఆ ఇంటికి పంపకండమ్మా, ఆ ఇంటికి పంపకండి అని. పిల్ల పుట్టేదాకా అదే మాట. అన్నయ్యా అమ్మా అక్కడే ఉన్నారు."

అంతే. తిట్టు కాదు, ఎవరి పేరూ కాదు. ఇన్నాళ్ళూ పాపమని మోసింది ఇదా? నాకు ఏడుపు రాలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నీమీద కోపం రానేదు వదినా నాకు," అంది రాధిక. "బయమేసింది. ఆ ఇంట్లో ఆడపిల్లని నేనే కదా."

దాని నుదుటి మీద చెమట నా పాత చీరతో తుడిచాను. "మందు కావాలా నీకు? అమ్మ సంగతి ఒదిలీ. నీకు కావాలా?"

"కావాలి," అంది. నర్సుని పిలిచాను. డాక్టరమ్మ వచ్చి అడిగితే కూడా అదే మాట, ఈసారి గట్టిగా చెప్పింది.

ఇంజక్షన్ పడ్డాక ముడుచుకున్న భుజాలు వదులయ్యాయి. నొప్పికీ నొప్పికీ మధ్య కళ్ళు మూసుకుని తూలింది. మధ్యలో రెండు మాటలు అంది. విన్నాను. చేతిలో చెయ్యేసి, సరేలే, సరేలే అన్నాను. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది.

బయటికి రాగానే అత్తగారు ముందు అడిగింది పిల్ల సంగతి కాదు. "ఇంజక్షను పొడిసారట. ఏటన్నాది?"

"ఏటీ అన్నేదు. పడుకున్నాది," అన్నాను. ఆ రెండు మాటలూ రాధికవి. దానికి మెలకువొచ్చాక దాని చెవిలోనే చెబుతాను, ఇంకెవరికీ చెప్పను.

రాధికని గదికి మార్చారు. అది నిద్రపోతోంది, పక్కన గుడ్డల్లో పిల్ల. మా ఆయన ఛాయని బడినుంచి తీసుకొచ్చి, హోటల్ నుంచి సాంబారన్నం పొట్లాలు పట్టుకొచ్చాడు. రాధిక భర్త సీతారామారావు కూడా వచ్చాడు. అందరూ పొట్లాలు విప్పారు.

"ఒసే ఛాయా, మీ నాన్నకీ మావకీ నీళ్ళు పోసియ్యే," అంది అత్తగారు.

ఛాయ అప్పుడే మొదటి ముద్ద కలుపుకుంది. దాన్ని అలాగే పొట్లంలో వదిలేసి, మొహంలో విసుగైనా లేకుండా లేచింది. నేనెప్పుడూ లేచేది అచ్చం అలాగే.

"కూర్చో. తిను," అన్నాను.

అది అర్థంకాక నిలబడింది. "నీళ్ళమ్మా..."

"సీసా నాన్న పక్కనే ఉన్నాది. నాన్న పోసుకుంటాడు. ఇంటికెళ్ళినా అంతే. నువ్వు ఎవులికీ లేవక్కర్నేదు."

ఛాయ నన్నూ వాళ్ళనీ మార్చి మార్చి చూసి, మెల్లగా కూర్చుని, ముద్ద అందుకుంది.

"ఏటైనాది నీకు?" అన్నాడు మా ఆయన. "ఏటి మాటాడతన్నావు?"

"ఆ రోజు మాటాడిందే. ఆడపిల్లని ఆ ఇంటికి పంపొద్దన్నాను, పట్టుకుపోనారు."

"సూసినావా, మళ్ళీ మొదలెట్టింది," అంది అత్తగారు.

"అవునత్తమ్మా. ఈపాలి నాకెవులూ ఇంజక్షను ఇవ్వనేదు."