నొప్పి లేదని రాయం

తాపీమేస్త్రి దిండు కొరుకుతూ ప్రాణం వదిలాడు. ఆయాలందరిలోకీ పెద్దదైన పెద్దక్క అతని తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇంజక్షన్ నాలుగడుగుల దూరంలో బీరువాలోనే ఉంది. తాళం నర్సు దగ్గర. నర్సు వచ్చి ఇరవై రోజులైంది.

ఇక బతకరని డాక్టర్లు తేల్చేసిన వాళ్ళని కడదాకా చూసుకునే హాస్పిస్ అది. ఇదివరకు నర్సు వారం వారం ప్రతి మంచం దగ్గరికీ రావాలి. ఆయాకి మూడు నెలల శిక్షణ ఉండాలి. ప్రభుత్వం నిబంధనలు సడలించింది. ఇప్పుడు నర్సు నెలకోసారి ఫోన్ చేస్తే చాలు, ఆయాకి ఒక్క పూట శిక్షణ చాలు. ఒక్క నర్సు మీద తొమ్మిది హాస్పిస్‌లు పడ్డాయి. మిగతాదంతా, రోగికి నొప్పి లేదనే కాగితం మీద ఆయా పెట్టే సంతకంతో నడిచిపోతుంది.

శవానికింకా స్నానం కాలేదు, మేనేజరు కాగితం పట్టుకొచ్చాడు.

"నొప్పి లేదు, ప్రశాంతంగా పోయాడని రాసి సంతకం పెట్టు."

"దిండు చూడండి సార్. దూది బయటికొచ్చింది."

"రాత పని ఎక్కువైంది, తగ్గించండని అర్జీ పెట్టింది మీరే కదా? తగ్గించారు. ఇప్పుడీ ఏడుపేంటి?"

ఆ అర్జీ మీద మొదటి సంతకం పెద్దక్కదే. రాత తగ్గితే రోగుల దగ్గర ఇంకాసేపు కూర్చోవచ్చని ఆశపడింది. కొరివితో తల గోక్కున్నట్టయింది.

మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు ఆయాలు పదకొండు మందీ, వంటావిడా బట్టలుతికే గదిలో చేరారు. నోరు మూతపడదని అందరూ రేడియో అని పిలిచే ఆయా ముందుగా అందుకుంది.

"పని ఆపేద్దాం!"

"ఆపితే చచ్చేదెవరే? మంచాన పడ్డ నలభై మందిని పక్కకి తిప్పేదెవరు?" అని కసిరింది వంటావిడ.

"అయితే నోర్మూసుకుని పడుందామా? మెత్తగా ఉంటే మొత్తబుద్ధేస్తుందట!"

మేస్త్రి కూతురు గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నొప్పి లేదని మీరు రాస్తే, మా నాన్న అరుపులు నేను కలగన్నట్టా?"

పెద్దక్క లేచింది.

"పని ఆపం. తిప్పుతాం, కడుగుతాం, తినిపిస్తాం. అబద్ధం మాత్రం రాయం. మన సంతకాల్లేకుండా ఈ దుకాణం ఎలా నడుస్తుందో చూద్దాం. నర్సు రావాలి, అంతే."

మూడు రోజులు కాగితాలు తెల్లగానే ఉన్నాయి. మేనేజరు బతిమాలాడు, బెదిరించాడు. ఆ మూడు రోజుల్లో మరో ఇద్దరు అరుస్తూనే పోయారు.

"మనం గెలిచేలోపు వీళ్ళెవరూ మిగలరక్కా," అంది రేడియో.

పెద్దక్క తెల్ల కాగితాన్ని మడిచి, తర్వాతి మంచం దగ్గరికి నడిచింది.

నాలుగో రోజు పొద్దున్నే పోలీసులు వచ్చి పెద్దక్కని వార్డులోనే పట్టుకున్నారు. రోగుల్ని, వాళ్ళ చుట్టాల్ని రెచ్చగొట్టిందని కేసు. వెనకే వ్యానులో ఆరుగురు కొత్త ఆయా పిల్లలు దిగారు, ఒక్క పూట శిక్షణతో. సంతకాలకి వాళ్ళని తెచ్చారు.

మేనేజరు మొదటి పిల్ల చేతిలో పెన్ను పెట్టాడు. అంతలో పక్క మంచం మీది ముసలావిడ మూలిగింది. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ ఆమెది. పిల్ల పరుగున వెళ్ళి భుజం పట్టి లాగింది. ముసలావిడ కెవ్వుమంది.

"భుజం కాదమ్మా! నడుం కింద చెయ్యి పెట్టు!" పోలీసుల మధ్య నుంచే అరిచింది పెద్దక్క.

పిల్ల అలాగే చేసింది. ముసలావిడ ఆమె చెయ్యి వదల్లేదు.

"సంతకం," అన్నాడు మేనేజరు.

"ఈమెకి నొప్పిగా ఉంది సార్."

"ఉద్యోగం కావాలా, వద్దా?"

"కావాలి." పిల్ల పెన్ను అతనికి తిరిగిచ్చింది. "కానీ లేదని నేను రాయను."

మేనేజరు రెండో పిల్ల వైపు తిరిగాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. మూడో పిల్ల కూడా.

పోలీసులు పెద్దక్కని బయటికి ఈడ్చారు. మేస్త్రి కూతురు జీపు ముందు కూర్చుంది. ఆమె పక్కన ఒకరు, ఆ పక్కన ఇంకొకరు, రోగుల చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు. లాఠీలు లేచాయి. ఎవరూ కదల్లేదు.

లోపల్నుంచి రేడియో గొంతు ఖంగుమంది. "నర్సుని పిలవండి!"

ఆ కేకకి కొత్త పిల్లలు గొంతు కలిపారు. వాళ్ళ వెనక, మంచాల మీది నుంచి, సగం ఊపిరితో ఒక్కొక్కటే రోగుల గొంతులు లేచాయి.