చెయ్యి ఊపే పాట

మా ఆడపడుచు మావిస్‌ని టీవీలో చూసినవాళ్ళు ఈ దేశంలో లక్షల్లో ఉంటారు. వాళ్ళందరికీ ఆమె మారియన్ వేల్. తేనెరంగు జుట్టు, తెల్లటి గౌను, పాట ఆఖర్న మెల్లగా పైకి లేచే కుడిచెయ్యి. ఆ చేతితోనే ఆమెకి పేరొచ్చింది, ఆ చేతితోనే కన్నతల్లికి కానిదైపోయింది. ఆమె పాడటం మానేసి చాలా ఏళ్ళయినా పత్రికలవాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు లండన్ నుంచి వచ్చి నా తలుపు తడుతుంటారు. టీ ఇచ్చి పంపేస్తాను. మా హెస్సల్ రోడ్డు సంగతి హెస్సల్ రోడ్డులో పుట్టనివాడికి ఏం చెప్పినా సగమే ఎక్కుతుంది.

మా మగవాళ్ళు ఇంగ్లండు తూర్పు తీరంలోని మా హల్ రేవు నుంచి ఐస్‌లాండ్ దాకా చేపల వేటకి పోయేవాళ్ళు. మూడు వారాలు నీళ్ళ మీద, మూడు రోజులు ఇంట్లో. మనిషి ఓడెక్కే రోజు ఇంట్లో బట్టలు ఉతకకూడదు. ఉతికితే సముద్రం అతన్ని ఓడ మీంచి కడిగేస్తుంది. రేవు దాకా వెళ్ళకూడదు. వెళ్ళొస్తానని అతను అనకూడదు, వెళ్ళిరమ్మని మనం అనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చెయ్యి ఊపకూడదు. చెయ్యి ఊపి పంపిన మనిషి తిరిగి రాడు. మొగుడు సంచి భుజాన వేసుకుని గడప దాటుతుంటే పొయ్యివైపు తిరిగి కూర్చోవడం, అదే మా ప్రేమ. బయటివాళ్ళకి మేము రాతిగుండెల్లా కనిపించేవాళ్ళం. కనిపిస్తే కనిపించనీ.

పెళ్ళికి ముందు నేనూ మావిస్ ఒకే చేపల షెడ్డులో పనిచేశాం. తలకి గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా ఐసునీళ్ళలో పెట్టి, కత్తితో కాడ్ చేపల్ని చీల్చే పని. వేళ్ళు మొద్దుబారకుండా ఆడవాళ్ళంతా పాడుతుండేవాళ్ళం. మావిస్ గొంతు విప్పితే మిగతావాళ్ళం ఒక్కొక్కరుగా ఆగిపోయేవాళ్ళం. ఆమె అన్న లెస్‌ని నేను చేసుకున్నాను, ఆ ఇంటికే కోడలిగా వెళ్ళాను. ఒక శనివారం మా క్లబ్బులో పాడుతుండగా ట్రెవర్ లాస్కీ అనే లండన్ ఏజెంటు విని, నెల తిరక్కుండా ఆమెని తీసుకుపోయాడు. ముందుగా పేరు మార్చాడు. మావిస్ బ్లాంచర్డ్ అంటే చేపల వాసన వస్తుందన్నాడట.

మా అత్త హెస్టర్ పైకి సణిగేది. కడుపులో మాత్రం పొంగిపోయింది. కూతురి మొదటి రికార్డు కొనుక్కొచ్చుకుంది, మా ఇంట్లో అది వేసే పెట్టె లేకపోయినా. రోజూ సాయంత్రం ఏప్రన్ కింద దాచుకుని పక్కింటి గెర్టీ దగ్గరికి వెళ్ళి వినొచ్చేది. లెస్ అయితే చెల్లెల్ని ఏడిపించకుండా వదిలేవాడు కాదు. పేరు మారిస్తే మార్చారు, ఆ ముక్కు మార్చలేదు కాబట్టి గుర్తుపడతాంలే అనేవాడు.

ఆ శనివారం మావిస్‌ని మొదటిసారి టీవీలో చూపిస్తామన్నారు. అత్త అద్దెకి టీవీ తెప్పించింది. లెస్ ఓడ సోమవారం బయల్దేరాలి. చెల్లెల్ని చూసి పోవచ్చని మురిసిపోయాడు. కానీ ఓడలవాళ్ళ మాట నీళ్ళ మీద రాత కదా. శనివారం పొద్దున్నే కదలాలని కబురొచ్చింది. అతను సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. నేను పొయ్యివైపు తిరిగి కూర్చున్నాను, అత్త నా పక్కన కూర్చుంది.

సాయంత్రం వీధి వీధంతా మా ముందు గదిలోనే ఉంది. మావిస్ వచ్చింది, తెల్ల గౌనులో. పాట రేవులో ప్రియుణ్ణి సాగనంపే పిల్ల గురించి. రాసినవాడు జన్మలో చేపల రేవు చూసి ఉండడు. గొంతు మాత్రం మా మావిస్‌దే, షెడ్డులో మా అందరి చేతుల్ని ఆపించిన గొంతే. ఆఖరి చరణంలో ఆమె మా కళ్ళలోకి చూస్తూ కుడిచెయ్యి ఎత్తి నెమ్మదిగా ఊపింది.

అత్త లేచి టీవీ కట్టేసింది. నల్లబడిన అద్దంవైపు చూస్తూ గెర్టీ అంది, ఇవాళ పొద్దున్నేగా లెస్ వెళ్ళాడు, అని.

తర్వాత మావిస్ నాకు జరిగింది చెప్పింది. మా వైపు చెయ్యి ఊపరండీ అంటే ఆ కార్యక్రమం తీసే పెద్దమనిషి నవ్వాడట. ఊపుతావా, తిరిగి చేపలు కోసుకుంటావా అని లాస్కీ వెనకనుంచి గొణిగాడట. అన్న సోమవారం కదా వెళ్ళేది, ఈలోపు ఊపితే ఏమవుతుందిలే అని మనసుకి సర్దిచెప్పుకుందట.

ఆ ఓడ పేరు లేడీ రోవెనా. ఐస్‌లాండ్‌కి ఉత్తరాన మంచు తుఫానులో చిక్కుకుంది. తాళ్ళ మీద, స్తంభాల మీద మంచు పేరుకుపోయి, కొట్టే కొద్దీ మళ్ళీ పేరుకుని, ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగి బోర్లా పడిపోయింది. ఒక్కడూ తిరిగి రాలేదు. పూడ్చుకోడానికి శవం కూడా దక్కలేదు. పెళ్ళినాటి లెస్ చొక్కా ఒకటి ఉంటే దాన్ని పట్టుకుని ఏడ్చాను, అంతే.

నేను ఏడుస్తుంటే వీధి కారణం వెతుక్కుంది. రొట్టెల కొట్టు దగ్గర గెర్టీ మొదలుపెట్టింది, సొంత చెల్లెలే చెయ్యి ఊపి పంపిందని. సాయంత్రానికి అది రేవు దాకా పాకింది. మంచుకి టీవీ చూసే అలవాటు లేదని నేను మొహం మీదే చెప్పాను. మొగుడు పోయిన బాధలో మతి చలించిందనుకున్నారు. లోకులు కాకులంటారు, మావాళ్ళు సముద్రపు కాకులు, ఇంకా గట్టిగా అరుస్తారు. అరుపులకి నేను భయపడలేదు. అత్త ఒక్క మాటా అనకపోవడం చూసి భయపడ్డాను.

చర్చిలో ప్రార్థనకి మావిస్ నల్ల గౌనులో వచ్చింది. అప్పటికి ఆ పాట దేశమంతా మారుమోగుతోంది. ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు, నేను కూర్చున్నాను. ఇంటికి వచ్చాక అత్త కూతురికి టీ ఇచ్చింది, రొట్టె ఇచ్చింది, ఒక్క మాట మాత్రం ఆడలేదు. మావిస్ వెళ్ళడానికి కారు ఎక్కబోతుంటే అత్త గుమ్మం దాటి మెట్టు మీదికి వచ్చి నిలబడింది. వీధంతా చూస్తుండగా చెయ్యి పూర్తిగా పైకెత్తి ఊపింది. కారు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది.

తల్లి బిడ్డని అంతకన్నా ఘోరంగా ఏమీ అనలేదు, మా వీధిలో.

ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అంతే. టీ, రొట్టె, మౌనం, ఆఖర్న మెట్టు మీద నిలబడి చెయ్యి ఊపడం. ఒకసారి ఆమెతో వచ్చిన లండన్ స్నేహితురాలు అది చూసి, మీ అమ్మకి నువ్వంటే ఎంత ప్రేమో అందట. మావిస్ అవునందట.

పేరు కొన్నేళ్ళు వెలిగింది. తర్వాత కొత్త గొంతులొచ్చాయి, గిటార్లు పట్టుకున్న కుర్రాళ్ళొచ్చారు. ఆమె క్లబ్బులకి దిగింది, చలికాలం పిల్లల నాటకాల్లో దేవకన్య వేషానికి దిగింది. ఎక్కడికి వెళ్ళినా ఆ ఒక్క పాటే అడిగేవాళ్ళు. వేసవిలో సముద్రపొడ్డు ఊరు స్కార్బరోలో పాడుతుంటే నేను బస్సెక్కి చూడ్డానికి వెళ్ళాను. ఆఖరి చరణం రాగానే హాలంతా లేచి నిలబడి ఆమెకి చేతులు ఊపారు, సరదాగా, ఐస్‌క్రీం తింటూ. ఆమె నవ్వుతూ ఊపింది. నా చేతులు రెండూ సంచి కింద దాచుకున్నాను. వేదిక మీంచి అది చూసినట్టుంది, ఆమె చూపు ఒక్కక్షణం నా ఒళ్ళో ఆగింది.

ఇదంతా ఇలా ఉండగానే మా రేవు చచ్చిపోయింది. ఐస్‌లాండ్‌వాళ్ళు తమ నీళ్ళలోకి రానివ్వలేదు. ఓడల్ని పాత ఇనుముకి అమ్మేశారు. సాగనంపడానికి మగవాళ్ళు లేరు, కట్టుబాట్లు పాటించే పనీ లేదు. మిగిలిందల్లా సోమవారం చాకిరేవు. సోమవారం ప్రతి ఇంటి వెనక తీగల మీద దుప్పట్లు ఎగరాల్సిందే. యుద్ధంలో బాంబులు పడ్డ మర్నాడు కూడా మా అత్త సోమవారం ఉతికిందట.

నలభయ్యారో ఏట మావిస్ గొంతులో గడ్డ లేచింది. లండన్‌లో ఆపరేషన్ అన్నారు. పాట ఎలాగూ పోతుంది, మనిషి మిగిలితే అదృష్టమన్నారు. ఆపరేషన్‌కి ముందు ఒక ఆదివారం మా ఇంటికొచ్చింది. మెడకి రుమాలు చుట్టుకుంది, మాట గరగరలాడుతోంది. అత్త ముందు గదిలో కునుకు తీస్తుంటే వంటింట్లో నా ఎదురుగా కూర్చుంది. కొని తెచ్చిన చిప్స్ ఒక్కటీ ముట్టుకోలేదు.

"కత్తికి భయం లేదు వదినా," అంది. "రేపు పొద్దున నేను వెళ్ళేటప్పుడు అమ్మ మెట్టు మీదికొస్తుంది చూడు, దానికి భయం. ఆ చెయ్యి చూశాక నేను బతకను. ఈ ఒక్కసారికి ఎలాగైనా ఆపు."

ఇన్నేళ్ళలో ఆమె నన్ను అడిగిన ఒకే ఒక్క సాయం అది. సరేనన్నాను. ఎలాగో తెలియదు.

ఆమె పైకెళ్ళి పడుకున్నాక అత్త దగ్గరికి వెళ్ళాను. ముసలావిడ మేలుకునే ఉంది, అల్లికలు ఒళ్ళో పెట్టుకుని. గడ్డ సంగతి చెప్పాను. విన్నానంది. అయితే ఇన్నాళ్ళు చేసింది చాలన్నాను. మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని నేను, నేనే ఆ పిల్లని ఒక్క మాట అనలేదన్నాను. గొంతు పెద్దదైపోయింది, తగ్గించుకోలేదు కూడా.

"మరి ఎవర్ని అనను?" అంది అత్త. "సముద్రాన్ని అననా? దాని కూడే తిన్నాం అందరం. ఎవర్నో ఒకర్ని అనకపోతే నేను బతికేదాన్నే కాదు. నీకేం, కావాలంటే ఇంకో మొగుడు దొరికేవాడు. నాకు ఇంకో కొడుకు దొరుకుతాడా?"

"ఇంకో కూతురూ దొరకదు అత్తయ్యా."

ఆవిడ అల్లిక మొదలుపెట్టింది. ఇంక మాట్లాడదని అర్థమై నేను లేచి, మర్నాటి చాకిరేవుకి దుప్పట్లు నానబెట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆ నీళ్ళలోనే ఏడ్చాను.

సోమవారం పొద్దున్నే టబ్బులో వేణ్ణీళ్ళు పోసి, సబ్బు వేసి, దుప్పట్లు అందులోకి తోస్తున్నాను. బయట కారు ఆగింది. మావిస్ సంచి పట్టుకుని మెట్లు దిగింది. పౌడరు వేసుకున్నా మొహంలో రక్తం లేదు. అత్త పొయ్యి దగ్గర కుర్చీలో ఉంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని లేచింది. మావిస్ కళ్ళు మూసుకుంది. నేను తడిచేతులతో గుమ్మానికి అడ్డం వెళ్ళి నిలబడ్డాను, ముసలావిణ్ణి తోసెయ్యడానికైనా సరే అనుకుని.

అత్త గుమ్మంవైపు రాలేదు. కాళ్ళీడ్చుకుంటూ టబ్బు దగ్గరికి వెళ్ళి అందులోకి చూసింది.

"ఈ నీళ్ళు పారబొయ్యి రీటా," అంది. "ఇవాళ ఈ ఇంట్లో బట్టలు ఉతకటం లేదు."

మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చుంది, పొయ్యివైపు తిరిగి, కూతురికి వీపు పెట్టి.

మావిస్ కళ్ళు తెరిచింది. ఆమెకి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. నోరు తెరిచి తల్లిని ఏదో అనబోయింది. నేను పరుగున వెళ్ళి నా సబ్బు చెయ్యి ఆమె నోటికి అడ్డం పెట్టాను. వెళ్ళొస్తానని అంటుందేమోనని నా భయం. ఆమె తలూపింది. సంచి భుజాన వేసుకుని, అచ్చం లెస్ లాగే, వెనక్కి తిరక్కుండా గడప దాటింది. నేను కూడా పొయ్యివైపు తిరిగాను. కారు చప్పుడు వీధి చివర పోయేదాకా అత్తా నేనూ నిప్పులోకి చూస్తూనే ఉన్నాం. ఆవిడ ముణుకుల మీద రెండు చేతులూ ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి.

తర్వాత నీళ్ళు పారబొయ్యడానికి పెరట్లోకి వెళ్ళాను. గాలి బాగా ఉంది. సందు పొడుగునా అందరి దుప్పట్లూ ఎగురుతున్నాయి. గోడ అవతల గెర్టీ, ఆమె కూడా ముసలిదైపోయింది, పళ్ళ మధ్య క్లిప్పులు పెట్టుకుని తన దుప్పట్లు ఆరేస్తోంది. మా తీగవైపు చూసి కనుబొమలు ముడిచింది.

"సోమవారం పూట మీ తీగ ఖాళీగా ఉందేంటే?" అంది. "మీ అత్తకి ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది," అన్నాను. "మా ఇంట్లోంచి మనిషి బయల్దేరింది."

గెర్టీ క్లిప్పులు నోట్లోంచి తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. ఎవరని అడగలేదు. ఇంకా నీళ్ళు కారుతున్న దుప్పట్లని తీగ మీంచి ఒక్కొక్కటే తీసి, బుట్టలో వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.