ముక్కకు నాలుగు గ్రాములు

బట్టల ఫ్యాక్టరీలో, చెకింగ్ టేబుల్ దగ్గర ఆవిడకు డేగకళ్ళని పేరు. చొక్కా కాలరులో ఒక్క కుట్టు జారినా ఆవిడ చెయ్యి దాటి పోయేది కాదు. అలాంటి మనిషి చేతిలో మొగుడి షుగర్ లెక్క పడ్డాక ఇక బెంగెందుకని ఇంట్లో అందరూ అనుకున్నారు. అందరూ అంటే ఆ ఇద్దరే లెండి.

మొగుడు సిటీబస్సు డ్రైవరు. కుడికాలి బొటనవేలికి పుండు పడి నెలరోజులైనా మానలేదు. షుగర్ దిగితే మానుతుంది, దిగకపోతే కాలికే ఎసరు అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆయనకు బస్సు తోలడం తప్ప ఇంకో పని రాదు. బ్రేకు తొక్కేది ఆ కాలితోనే.

ఆస్పత్రిలో భోజనం లెక్కలు చెప్పే అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పిండిపదార్థం తక్కువున్న తిండే తినాలి. ప్యాకెట్ మీద అది మొత్తం ఎంతో చూసి, అందులోంచి పీచు తీసేయాలి, పీచు షుగర్ పెంచదు కాబట్టి. మిగిలినదాంట్లో ప్రతి పది గ్రాములకూ ఒక యూనిట్ ఇన్సులిన్. తన బల్ల మీదున్న బిస్కెట్ ప్యాకెట్‌తో రెండుసార్లు లెక్క చేయించి, "ఆంటీ, మీరే నాకు నేర్పేలా ఉన్నారు" అంది. ఆవిడ ఆ మాటకు మురిసిపోయింది. ఎవరు మురిసిపోరు?

పంచదార, బియ్యం, బంగాళాదుంపలు ఇంట్లోంచి పోయాయి. గుడ్లు, ఆకుకూరలు, పీచు ఎక్కువున్న రొట్టె వచ్చాయి. రొట్టె ప్యాకెట్ మీద ముక్కకు పిండిపదార్థం పన్నెండు, పీచు ఎనిమిది. తీసేస్తే నాలుగు. ఆ నాలుగే నోట్‌బుక్కులో ఎక్కేది. చప్పిడి రొట్టెను ఆయన నమల్లేక నమిలేవాడు. రెండు ముక్కలు చాలంటే ఆవిడ ఒప్పుకునేది కాదు.

"లెక్కలో ఇంకా బోలెడు చోటుంది. పొద్దస్తమానం బస్సు తోలే మనిషి, కడుపు మాడ్చుకుంటారా? ఇంకో రెండు తినండి" అని పళ్ళెంలో వేసేది. నాలుగు ముక్కలకు పదహారు గ్రాములు, రెండు యూనిట్లు. సూది కూడా తనే వేసేది, నొప్పి తెలియకుండా.

షుగర్ దిగలేదు సరికదా, ఎక్కింది.

డాక్టరు నోట్‌బుక్కు తిరగేశాడు. "మీరు రాసింది చూస్తే ఇంత ఉండకూడదమ్మా. ఈయన బయట ఏదో తింటున్నారు."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. లెక్క తప్పేమోనన్న అనుమానం మాత్రం కలలోకి కూడా రాలేదు. ఎలా వస్తుంది, డేగకళ్ళాయె! మొగుడి జేబులు తిరగేసింది. టిఫిన్ సంచీ వాసన చూసింది. వంటగదికి తాళం వేసింది. ఒకరోజు ఏకంగా డిపోకే వెళ్ళి, కండక్టర్లందరూ టీ తాగుతుండగా, "ఈయనకు మిఠాయిలు కొనిపెడుతున్నది మీలో ఎవరు?" అని నిలదీసింది. ఆయన తలొంచుకుని వెళ్ళి ఖాళీ బస్సులో కూర్చున్నాడు.

"నీమీద ఒట్టు, ఏమీ తినలేదే" అన్నాడు ఇంటికొచ్చాక.

"మరి గాలి పీలిస్తే పెరుగుతుందా షుగర్?"

కొన్నాళ్ళు రోజూ ఒట్లు పెట్టుకున్నాడు. తర్వాత మానేశాడు. దొంగ దొరికాడు కాబట్టి నోరు పెగలడం లేదని ఆవిడ అనుకుంది.

వేలు నల్లబడితే తీసేశారు. పదిహేను రోజులకు పాదం కూడా తీసేశారు.

మూడో రోజున భోజనం లెక్కల అమ్మాయి వార్డుకొచ్చింది. ఇంట్లో ఏం పెట్టేవారో చూపించమంటే, ఆవిడ సంచీలోంచి రొట్టె ప్యాకెట్ తీసి, పన్నెండులోంచి ఎనిమిది ఎలా తీసిందీ వేలుపెట్టి చూపించింది. అప్పటికీ ఆ గొంతులో కాస్త గర్వముంది. అమ్మాయి ప్యాకెట్ అందుకుని అతుకు దగ్గరి మడత విప్పింది. లోపల చీమతలకాయంత అక్షరాలున్నాయి: పీచు మినహాయించిన పిండిపదార్థం.

"ఆంటీ, వీళ్ళు పీచు ముందే తీసేసి రాశారు. పన్నెండంటే పన్నెండే. మీరు మళ్ళీ తీశారు" అంది. ప్యాకెట్ మళ్ళీ మడిచిపెట్టి, "అన్ని కంపెనీలూ ఒకేలా రాయవని ఆరోజు నేను చెప్పాల్సింది" అంది.

నాలుగు ముక్కలకు నలభై ఎనిమిది. ఐదు యూనిట్లు వేయాల్సిన చోట రెండు. మూడు పూటలూ, నాలుగు నెలలు. చెప్పకపోతే ఆయనకు తెలియదు కదా అన్న ఆలోచన కూడా ఆవిడకు వచ్చింది. వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మంచం పక్కన కూర్చుని చెప్పేసింది. "మీరేం తినలేదు. లెక్క నేనే తప్పు వేశాను. మీ కాలు నావల్లే పోయింది."

తిడతాడనుకుంది. కొట్టినా బావుండుననుకుంది. ఆయన మోచేతి మీద లేచి ఆవిడ వైపు తిరిగాడు.

"అయితే నేను తినలేదన్నమాట" అన్నాడు.

"లేదండీ."

"నిద్రలో లేచి తింటున్నానేమో, నాకే తెలియడం లేదేమో అనుకున్నా. నన్ను చూస్తే నాకే రోత పుట్టేది. ఆపరేషన్‌కి ముందు డాక్టరు దగ్గర ఒప్పేసుకున్నా కూడా, దొంగతనంగా తిన్నానని."

పాదం పోయి, ఉద్యోగం పోయి మంచాన పడున్న మనిషి ముఖం విచ్చుకుంది. "నేను తినలేదు" అని మళ్ళీ అన్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని, పక్క మంచం వాళ్ళకు కూడా వినపడేలా ఇంకోసారి అన్నాడు. ఆయన్ను అంత సంతోషంగా చూసి ఆవిడకు నాలుగు నెలలైంది. చూడలేక తల తిప్పుకుంది.