వేసినవాడే తీయాలి

స్విచ్ డబ్బాకు తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు ముడేసుకుని, పోశం బొగ్గు మోసే బెల్టు కిందికి దూరాడు. బిగుసుకుపోయిన రోలరును చేత్తో తిప్పాడు. గరగరమంది. బేరింగు పోయింది.

రిపేరు చేసేవాడు ముందు తన తాళం వేసుకుంటాడు. మనిషి కింద ఉండగా ఎవరైనా బెల్టు నడిపిస్తే నలిగిపోతాడు. అందుకే వేసినవాడే తీయాలి, ఇంకొకరు ముట్టుకోరు. పోశం తన తాళం మీద మేకుతో గీసుకున్నాడు: ఫిట్టర్ పోశం.

గోదావరిఖనిలో అతనుండే గల్లీలో ఫ్యాను ఆగినా, బోరు మోటరు మొరాయించినా ఫిట్టర్ కాకను పిలవమనేవారు. కంట్రాక్టరు కాగితాల్లో మాత్రం తల నెరిసినా అతను హెల్పరే. ఈసారి గేటుపాసు మీద ఫిట్టర్ అని రాయిస్తానని సూపర్‌వైజరు కిషన్ మాటిచ్చాడు. పొద్దున సద్ది కడుతూ భార్య సారవ్వ ఎగతాళి చేసింది.

"ఇయ్యాల్టి సంది ఫిట్టర్ సాబ్ అనాల్నా నిన్ను?"

"నువ్వనకున్నా పాసంటది తియ్యి."

మధ్యాహ్నం కిషన్ పాసు తెచ్చాడు. పోశం బయటికొచ్చి, గ్రీజు వేళ్ళు గుడ్డకు తుడుచుకుని అందుకున్నాడు. ఫొటో కొత్తది. కింద మాట పాతదే.

"మళ్ల హెల్పరేనా సారు?"

"పేరుదేముందే? జల్ది కానియ్యి, బెల్టు నడవాలె."

"హెల్పరంటే పక్కనుండి పానా అందిచ్చేటోడు. నేనెవనికి అందిస్తున్న? ఆ ఫిట్టరెవడో జర చూపియ్యి."

కిషన్ ఫోను చెవిన పెట్టుకుని అవతలికి నడిచాడు.

పోశం పాసును జేబులో కుక్కుకున్నాడు. అయినా పని సగంలో వదిలే చెయ్యి కాదది. మళ్ళీ కిందికి దూరి కొత్త బేరింగు కూర్చోబెట్టాడు. రోలరు చప్పుడు లేకుండా తిరిగింది. పైకొచ్చి, ఎడమ భుజం రుద్దుకుంటూ గోడకు ఆనుకున్నాడు. తోటి పనివాడు మహబూబ్ చాయ పట్టుకొచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. దవాఖానకు మోసుకుపోయారు. ప్రాణం దారిలోనే పోయింది. తాళంచెవి మొలతాడుతోనే వెళ్ళింది.

సాయంత్రం కిషన్ ఫోనులో చెబుతున్నాడు, "ఎవరో హెల్పర్ సార్. గుండెనొప్పంట."

"ఫిట్టర్ అని చెప్పు," అన్నాడు మహబూబ్, మెల్లగా.

కిషన్ వినిపించుకోలేదు. తాళం పగలగొట్టమని సుత్తె చూపించాడు.

"వేసినోడే తియ్యాలె సారు," అన్నాడు మహబూబ్. మిగతావాళ్ళూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

బాగైన బెల్టు ఆగే ఉంది. స్విచ్ డబ్బాకు తాళం వేలాడుతోంది. దాని ఒళ్ళంతా బొగ్గు దుమ్మే. రోజూ బొటనవేలు రాసుకుని మెరుపెక్కిన ఆ అక్షరాల మీద మాత్రం దుమ్ము ఇంకా నిలవలేదు.