ఫిలెమోన్ బాబాయి నోట్లో పిల్లలు

ముందు రెండు బుడగలు.

తర్వాత రెండు కళ్ళు.

డికాక్షన్ రంగు నీళ్ళ మీద, మడచెట్ల వేర్ల మధ్య, తడి గులకరాళ్ళలా — రెండు కళ్ళు.

పడవలో నెరేయ ఊపిరి బిగబట్టింది. కెమెరా ఎత్తింది. నొక్కింది.

వచ్చింది... తోక. అదీ సగం.

మూడేళ్ళుగా ఇంతే. తోక వస్తుంది. అల వస్తుంది. ఒక్కోసారి తన వేలే వస్తుంది, చందమామంత గుండ్రంగా. కళ్ళు రావు. పళ్ళు రావు.

కెమెరా ఆమెది కాదు, పడవలవాళ్ళ సంఘానిది. రేవు గోడకి తగిలించడానికి ఒక్కటంటే ఒక్క మంచి మొసలి ఫొటో కావాలి వాళ్ళకి. సాన్ హువాన్ పండుగలోపు అది రాకపోతే కెమెరా తోరీబియోకి ఇచ్చేస్తామన్నారు. ఇదిగో, ఈ పడవ నడిపే తోరీబియోకే! ఏం తీస్తాడో ఊరందరికీ తెలుసు. తన పందెం కోళ్ళని.

"నా కోళ్ళు కదలకుండా నిలబడతాయే పిల్లా," అంటాడు తెడ్డు వేస్తూ. "పేరు పెట్టి పిలిస్తే ఇటు తిరుగుతాయి కూడా. మీ బాబాయి తిరిగాడా ఎప్పుడైనా?"

బాబాయి అంటే — ఆ మొసలే.

ఓహాకా తీరంలో ఆ మడుగు ఊరి పద్ధతి అంతే. ఎవరైనా పోతే, తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగిసేలోపు నీళ్ళలో ఏ కొత్త మొసలి తేలితే దానికి ఆ మనిషి పేరు. ఫిలెమోన్ బాబాయి పోయిన ఏడో రోజున ఇది తేలింది. పొట్టిది. బాబాయీ పొట్టే. కింది పన్ను వంకర. బాబాయిదీ వంకరే. ఇంకేం కావాలి?

తోక ఎత్తి చూసినవాడు లేడు.

ఇక ఆయన భార్య ఎలోడియా పిన్ని రోజూ పొద్దున్నే రేవుకొస్తుంది. మొక్కజొన్న రొట్టెల బుట్ట కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసి, మొదలుపెడుతుంది.

"ఏమయ్యా! ఇంటికప్పు కారుతోందని నువ్వున్నప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను. హాయిగా నీళ్ళలో పడుకున్నావు, నీకు కొత్తగా తడిసేదేముందిలే!"

మొసలి వింటుంది. కదలదు. పలకదు.

అచ్చం ఫిలెమోనే... అంటారు అందరూ.

నలభై ఏళ్ళ కాపురంలో తిట్లన్నీ అయిపోలేదు. అందుకే పిన్ని ఇంటికెళ్ళి ఇంత రొట్టె తింటోంది. అందుకే నల్లబట్టలు కట్టినా, గొంతు నల్లబడలేదు.

పండుగకి ఒక్క రోజు. తొలకరి పడి వెలిసిన పొద్దున.

ఇసుకగట్టు మీద మొసలి. తవ్వుతోంది. గట్టు లోపల, గుడ్లలోంచి అరుపులు — కుయ్, కుయ్, కుయ్ — రబ్బరు బొమ్మల్ని నొక్కినట్టు.

నెరేయ వేలు అడ్డం రాలేదు.

మొసలి నోరు తెరిచింది. ఎత్తుకుంది. ఒకటి... రెండు... ఐదు! వంకర పన్ను పక్కనుంచి ఓ బుల్లి తల తొంగిచూసింది, బస్సు కిటికీలోంచి చూసినట్టు.

టక్.

కళ్ళు వచ్చాయి. పళ్ళు వచ్చాయి. పళ్ళ మధ్య పిల్లలు వచ్చాయి.

"మరియమ్మ తల్లీ!" తోరీబియో తెడ్డు జారవిడిచాడు. "ఫిలెమోన్ కన్నాడే పిల్లా!"

తర్వాత గొంతు తగ్గించాడు. "దాచెయ్యవే. మీ పిన్ని కోసం."

పిన్ని కోసమో, కోళ్ళ కోసమో.

చూపిస్తే కెమెరా తనది. కానీ రేపు పొద్దున పిన్ని ఎవర్ని తిట్టుకోవాలి?

నెరేయ సంఘం దగ్గరికి వెళ్ళలేదు. ముందు పిన్ని వంటింటికి వెళ్ళింది.

పిన్ని కళ్ళజోడు తుడుచుకుంది. చూసింది. మళ్ళీ తుడుచుకుంది.

"ఇవేంటే నోట్లో?"

"పిల్లలు, పిన్నీ."

"ఎవరివి?"

"...బాబాయివి."

పెనం మీద రొట్టె మాడుతోంది. ఇద్దరూ తిప్పలేదు.

"నాకు తెలియకుండానా?" అంది పిన్ని.

నెరేయకి నవ్వొచ్చింది. రాకూడని నవ్వు. పిన్నికి మాత్రం రాలేదు.

"అంటే... మూడేళ్ళు ఓ ఆడమనిషిని పట్టుకుని తిట్టానా? నా కప్పు కారితే దాన్నా అడిగేది? పాపం, ఒక్కనాడు ఎదురు చెప్పలేదే!" చూపు ఫొటో మీదే ఉంది. "పో, గోడకి పెట్టుకో. బాగా వచ్చింది."

తలుపు వేసుకుంది.

పండుగ రోజు గోడ మీద ఫొటో. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. తోరీబియో టోపీ తీసి దణ్ణం పెట్టాడు. కెమెరా నెరేయ మెడలోనే ఉంది, చూపు మాత్రం దారి మీద.

పిన్ని రాలేదు.

మర్నాడూ రాలేదు.

మూడో రోజు వచ్చింది. బుట్ట లేదు. నడుం మీద చెయ్యి లేదు. బాలింతని చూడ్డానికొచ్చినట్టు, నీళ్ళ అంచున మెల్లగా కూర్చుంది.

"అమ్మాయ్," అంది మొసలితో. "ఆ మాటలేవీ మనసులో పెట్టుకోకు. నిన్ను అన్నవి కావు."

మడచెట్ల మీంచి ఓ కొంగ లేచింది.

"అన్నట్టు... ఈ నీళ్ళన్నీ తిరిగేదానివి. మా ఆయన ఎక్కడైనా కనిపించాడా? పొట్టిగా ఉంటాడు..."

పడవలో నెరేయ కెమెరా ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది...

డికాక్షన్ రంగు నీళ్ళ మీద రెండు కళ్ళు. పక్కనే ఇంకో రెండు, ఆవగింజలంత.

ఒక బుడగ.