బీరువాలో పడే చెప్పులు

పరాయి దేశంలో హోటల్ లాండ్రీ డ్యూటీ దిగి గదికి రాగానే ఆమె ముందు బీరువా తలుపు తీసి చూసేది. సొంత దేశంలో పోలీసులు లాఠీలెత్తి జనం చెల్లాచెదురైన రోజున, పరుగులో ఊడిపోయిన చెప్పులన్నీ ఆ బీరువాలోనే పడేవి.

"మన బట్టలకే చోటు లేదే తల్లీ!" అని సణుగుతూనే వాటికి ఫొటోలు తీసేది గదిలో తోడుండే డెలివరీ పిల్ల. గొంతు పెద్దది కాబట్టి అందరికీ ఆమె మైకు.

అక్కడ వాళ్లు పోస్టు పెడితే జైలు. వీధిలోకి ఎవరూ రాలేదని టీవీలో మంత్రిగారు చెప్పేవారు. అందుకని వీళ్లిద్దరూ తిండి కూడా మానుకుని ఒక్కో చెప్పు ఫొటోనూ ఫోన్లో పోస్టు పెట్టి, ఎవరిదని అడిగేవారు. ఇరవై మూడేళ్లకే ఎంత గుండె ధైర్యమో ఈ పిల్లలకి!

మొదట్లో లాండ్రీ బుద్ధి పోనిచ్చుకోక ఆమె ఆ చెప్పులన్నీ సబ్బుపెట్టి తళతళా కడిగింది. ఒక తల్లి ఫోన్ చేసింది. "కడిగేశావేంటమ్మా? బురద చూస్తే మావాడు ఎక్కడ పడ్డాడో తెలిసేది కదా." ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే అక్కడ ఆమె తమ్ముడు కనిపించకుండా పోయాడు. మా దగ్గర లేడన్నారు పోలీసులు. బతికున్నాడో లేదో తెలియక ఆమె రోజుకి పదిసార్లు బీరువా తీసి చూసేది.

ఒక మధ్యాహ్నం బీరువాలో ఒకే ఒక్క చెప్పు పడింది. తమ్ముడిదే, ఆమె తన చేత్తో నీలం దారంతో కుట్టిచ్చిన పట్టీ. ఏడుస్తూ అలవాటుగా కుళాయి తిప్పబోయింది.

"కడిగావంటే చంపేస్తా!" అని మైకు ఆ చెప్పు లాక్కుని తిరగేసింది. అడుగంతా ఎర్రటి పొడి. వెంటనే లైవ్ పెట్టారు.

ఇటుకలు మోసే మనిషెవరో రాశాడు: "అది మా పాత బట్టీ మట్టి. మూసేసి ఏళ్లయింది. ఇప్పుడు పోలీసు బండ్లు తిరుగుతున్నాయి." అంటే తమ్ముణ్ణి అక్కడే బంధించారు, పారిపోబోతే చెప్పు ఊడిందన్నమాట.

ఊరు ఊరంతా బట్టీకి కదిలింది. లాఠీలెత్తారని ఫోన్లో కబురొచ్చింది. ఇద్దరూ బీరువా ముందు కూర్చున్నారు. ఎంతసేపటికీ ఏమీ పడలేదు.

"ఇదేమైనా పాడైందా?" అంది మైకు.

అంతలో ఫోన్ మోగింది. "అక్కా, నేనే. గేటు తీశారు. బయటికొచ్చేశా."

"లాఠీలెత్తారన్నారు కదరా!"

"ఎత్తారక్కా. ఎవ్వరూ పరిగెత్తలేదు."